పుస్తకం మూసిన తర్వాతే రివిజన్: ఇంటర్ కెమిస్ట్రీ పునశ్చరణ పద్ధతులపై ఒక సమీక్ష

జనవరిలో ఆదిలాబాద్ చలి సంగతి ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పొద్దున ఐదింటికి ఏ గురుకులం వరండాలోకి వెళ్లినా చద్దర్లు కప్పుకొని వరసగా కూర్చున్న ఇంటర్ సెకండియర్ పిల్లలు కనిపిస్తారు. ఒళ్లో కెమిస్ట్రీ పుస్తకం తెరిచి ఉంటుంది. గొంతెత్తి చదువుతుంటారు. "ఏం చేస్తున్నవ్ బిడ్డా" అని అడిగితే "రివిజన్ సార్" అంటారు. పుస్తకం తీసుకొని మూసి, "ఇప్పటిదాకా చదివింది చెప్పు" అంటే మొదటి రెండు వాక్యాలు గడగడా వస్తాయి. మూడో వాక్యం దగ్గర కళ్లు పైకప్పు వైపు వెళ్తాయి. ఆ పిల్ల శ్రమలో లోపం లేదు. గంటన్నరగా చలిలో కూర్చొని చదివింది. చదివింది తలలోంచి బయటికి తీసే పని మాత్రం ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా చేయలేదు. పరీక్ష అడిగేది ఆ పనినే.

ఉట్నూరు, ఇచ్చోడ, బోథ్, నిర్మల్, మంచిర్యాల, ఎక్కడ చూసినా రివిజన్ అంటే మళ్లీ చదవడమే అన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది గానీ ఈ అలవాటు మాత్రం నాలుగింటిలోనూ ఒకటే. మన పిల్లలు వాడుతున్న పద్ధతులేమిటి, వాటిలో పరిశోధనకు నిలిచినవేవి, కెమిస్ట్రీ అనే ప్రత్యేకమైన సబ్జెక్టుకు ఏది ఎక్కడ పనికొస్తుంది అన్నది ఒకచోట చేర్చి చూడటమే ఈ వ్యాసం పని.

ముందు ప్రశ్నపత్రం లెక్క చూద్దాం. ఏళ్లుగా నడుస్తున్న నమూనాలో సెకండియర్ కెమిస్ట్రీ థియరీకి మూడు గంటలు, 60 మార్కులు. సెక్షన్ ఏలో పది అతిస్వల్ప ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, పదీ రాయాల్సిందే. సెక్షన్ బీలో ఎనిమిదింటిలో ఆరు, ఒక్కోటి నాలుగు మార్కులు. సెక్షన్ సీలో మూడింటిలో రెండు, ఒక్కోటి ఎనిమిది. పాస్ కావడానికి కావలసింది 21. సెక్షన్ ఏ ఒక్కటే 20 మార్కులిస్తుంది, అంటే పాసు గీతకు ఒక్క మార్కు దూరం దాకా తీసుకెళ్తుంది. ఆ సెక్షన్‌లోనే చాయిస్ లేదు. "ఇంపార్టెంట్ ప్రశ్నలు" అని జిరాక్సు సెంటర్లలో చేతులు మారే కాగితాలు ఎక్కువగా ఎనిమిది మార్కుల ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఒక పాఠాన్ని పూర్తిగా వదిలేసిన పిల్లవాడికి సెక్షన్ సీలో నష్టం రాకపోవచ్చు, ఎందుకంటే అక్కడ ఒకటి వదిలేసుకునే వీలుంది. దెబ్బ తగిలేది చాయిస్ లేనిచోట. వెనకబడిన పిల్లలకు ఆ కాగితం ఇచ్చి పంపడం కన్నా, అన్ని పాఠాల్లోని రెండు మార్కుల ప్రశ్నలు చూడకుండా రాయించడం ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక పద్ధతుల విషయం. 2013లో జాన్ డన్లాస్కీ, ఆయన సహచరులు విద్యార్థులు వాడే పది పద్ధతులను తీసుకొని, ఒక్కోదానిపై అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి తూకం వేశారు. మళ్లీ మళ్లీ చదవడం, రంగు పెన్నుతో గీతలు గీయడం, సారాంశం రాసుకోవడం, ఈ మూడింటికీ తక్కువ ఉపయోగమనే తీర్పు వచ్చింది. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల తరబడి విడతలుగా పంచుకోవడం, ఈ రెండే ఎక్కువ ఉపయోగమన్న వర్గంలోకి వెళ్లాయి. మన స్టడీ అవర్స్‌లో కనిపించేవి ఎక్కువగా మొదటి వర్గంలోవే. పసుపు, గులాబీ రంగులతో నిండిపోయిన పుస్తకం చూస్తే శ్రద్ధ కనిపిస్తుంది. పేజీలో ముప్పావు వంతు రంగు పడ్డాక ఏది ముఖ్యమో మళ్లీ వెతుక్కోవాల్సిందే.

మళ్లీ చదవడం ఎందుకంతగా నమ్మిస్తుందో 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగం తేటగా చూపించింది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లు 83 శాతం చెప్పారు, రాసినవాళ్లు 71 శాతమే. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, రాసినవాళ్లకు 61. చదివిన వెంటనే "నాకంతా వచ్చేసింది" అనిపించడం అబద్ధం కాదు, ఆ నిమిషానికి అది నిజమే. మన పిల్లలు ఆ ఐదు నిమిషాల నిజాన్ని పట్టుకొని వారం తర్వాతి పరీక్షకు వెళ్తున్నారు. ఎంత చదివినా మార్కులు రావడం లేదని ఏడ్చే పిల్లలకు నేను ముందు ఈ నాలుగంకెలే బోర్డు మీద రాసి చూపిస్తాను. తెలివి తక్కువై కాదు, దారి తప్పిందని వాళ్లకు తెలియాలి.

చూడకుండా రాయడానికి ఖర్చేమీ లేదు. పాత నోటుబుక్కు వెనక పేజీలు చాలు, పలక ఉంటే ఇంకా మంచిది. ఒక శీర్షిక తీసుకొని, ఉదాహరణకు రసాయన గతిశాస్త్రం, పైన పేరు రాసి, పుస్తకం మూసి, తెలిసినదంతా పది నిమిషాలు రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగుతో చేర్చాలి. మర్నాడు చదవాల్సింది ఆ రెండో రంగు మాత్రమే. రెండు మార్కుల ప్రశ్నలకైతే చీటీలు బాగా పనిచేస్తాయి. పాత పెళ్లి కార్డులు ముక్కలు చేసి, ఒక వైపు ప్రశ్న, ఇంకో వైపు జవాబు రాసుకోవచ్చు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత ఈ చీటీలను గదులున్న పెట్టెలో పెట్టే పద్ధతి చెప్పాడు. జవాబు వచ్చిన చీటీ తర్వాతి గదికి వెళ్తుంది, రానిది మొదటి గదికి తిరిగి వస్తుంది. మొదటి గది రోజూ తీయాలి, తర్వాతి గదులు అంతకంతకూ ఆలస్యంగా. చెప్పుల డబ్బాలో అట్టముక్కలు అడ్డంపెట్టినా పెట్టె తయారవుతుంది. రాని ప్రశ్నలే మళ్లీ మళ్లీ ఎదురుకావడం ఇందులోని బలం. మామూలుగా పిల్లలు వచ్చినవే మళ్లీ మళ్లీ చదువుతారు, అది హాయిగా ఉంటుంది కాబట్టి.

గోడ మీద పెద్ద చార్టు గీసుకోవడం, గీతలతో విషయాలను కలిపే పటాలు వేయడం కూడా ఇటీవల బాగా పెరిగింది. అవి చెడ్డవి కావు. అయితే పుస్తకం పక్కన పెట్టుకొని గీస్తే అది అందమైన చూచిరాతే. 2011లో కార్పికె, బ్లంట్ ఈ రెండింటినీ పోల్చారు. పాఠం ముందు పెట్టుకొని పటాలు గీసినవాళ్ల కన్నా, పాఠం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్లకే ఎక్కువ నిలిచింది. చివరి పరీక్షలో పటమే గీయమన్నా అదే ఫలితం. కాబట్టి చార్టు గీయండి, పుస్తకం మూసి గీయండి.

రెండో సంగతి, విడతలు. మరపు ఎట్లా వస్తుందో 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తాను ప్రయోగం చేసుకొని లెక్కగట్టాడు. మొదట్లో వేగంగా, పోనుపోను మెల్లగా మరిచిపోతాం. 2008లో సెపెడా బృందం 1,350 మందికి పైగా జనం మీద చేసిన పరీక్షల్లో, ఎంతకాలం గుర్తుండాలో దాన్నిబట్టి అనుకూలమైన విరామం మారుతుందని తేలింది, వారం గుర్తుండాలంటే అందులో 20 నుంచి 40 శాతం, ఏడాది గుర్తుండాలంటే 5 నుంచి 10 శాతం. పరీక్షకు రెండు నెలలుంటే ఈ రెంటికీ నడుమ, సుమారు ఆరు నుంచి పన్నెండు రోజులకోసారి అనుకోవచ్చు. మన బోర్డు పరీక్షలు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వస్తాయి. ఆదిలాబాద్ పిల్లల ఏడాదికి మాత్రం వేరే క్యాలెండర్ ఉంది. అక్టోబర్ నుంచి పత్తి ఏరడం మొదలవుతుంది, చాలామంది సెలవు రోజుల్లో చేనులోనే ఉంటారు. సంక్రాంతి వస్తుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది, ఏజెన్సీ పిల్లలు ఇళ్లకు వెళ్తారు. ఈ రోజులన్నీ నష్టం కింద లెక్క రాసి "ఇక హాలిడే క్లాసులు" అనే అధ్యాపకులున్నారు. నేను వీటిని విరామాలుగా వాడుకోమంటాను. సంక్రాంతికి ముందు అన్ని పాఠాలూ ఒక చుట్టు, ఇంటినుంచి రాగానే పుస్తకం తెరవకముందే గుర్తున్నది రాయడం, జాతర తర్వాత మళ్లీ అదే. కాస్త మరిచిపోయాక కష్టపడి గుర్తుతెచ్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుంది. చేనులో ఉన్నప్పుడు జేబులో పది చీటీలుంటే చాలు.

ఇక్కడిదాకా చెప్పింది ఏ సబ్జెక్టుకైనా వర్తిస్తుంది. కెమిస్ట్రీ చిక్కు వేరే ఉంది. అది ఒక పేరుతో నడిచే మూడు సబ్జెక్టులు. భౌతిక రసాయనం లెక్కలు అడుగుతుంది, అకర్బన రసాయనం కారణాలు అడుగుతుంది, కర్బన రసాయనం దారులు అడుగుతుంది. మూడింటినీ ఒకేరకంగా బట్టీ పట్టడం వల్లే సగం కష్టం.

భౌతిక రసాయనంలో మన పిల్లలు చేసే పొరపాటు, ఒకే రకం లెక్కలు ఒకేసారి వరసగా చేయడం. మోలారిటీ లెక్కలు పది, తర్వాత మోలాలిటీ లెక్కలు పది. పదో లెక్కకు చేయి తానే నడుస్తుంది. పరీక్షలో ఆ లెక్కకు పైన శీర్షిక ఉండదు. ఇది ఏ రకమో పోల్చుకోవడమే అక్కడ అసలు పని. 2007లో రోరర్, టేలర్ ఇదే పరీక్షించారు. ఘనపరిమాణ లెక్కలను రకానికి రకంగా చేసినవాళ్లు అభ్యాసంలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాతి పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63. అంటే సాధన చేసేటప్పుడు తప్పులు ఎక్కువ రావడం చెడ్డ గుర్తు కాదు. ద్రావణాలు, విద్యుత్ రసాయనం, గతిశాస్త్రం లెక్కలు కాగితాల మీద ఒక్కొక్కటి రాసి, కలిపేసి, తీసిన ప్రతిదానికీ ముందు "ఇది ఏ సూత్రం, ఎందుకు" అని ఒక ముక్క రాసి అప్పుడు చేయమనాలి.

అయితే అసలు రాని పిల్లవాడికి మొదటిరోజే కలగాపులగం ఇస్తే బెదిరిపోతాడు. వాడికి ముందు చేసిన లెక్క చూపించాలి. స్వెల్లర్, కూపర్ 1985లోనే బీజగణితంలో దీన్ని చూపించారు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు సాధించిన ఉదాహరణలు చదవడం మేలు చేస్తుందని. నూరు గ్రాముల నీటిలో ఆరు గ్రాముల యూరియా కలిపితే ఘనీభవన స్థానం ఎంత తగ్గుతుంది? ఆరును అరవైతో భాగిస్తే 0.1 మోల్, నీరు 0.1 కిలో, కాబట్టి మోలాలిటీ 1, తగ్గుదల 1.86 డిగ్రీలు. ఇది పూర్తిగా చూపించాలి. తర్వాత చివరి మెట్టు ఖాళీ వదిలి ఇంకో లెక్క, ఆ తర్వాత సగం ఖాళీ. ఆపైన యూరియా బదులు 0.1 మోల్ ఉప్పు ఇచ్చి, తగ్గుదల దాదాపు రెట్టింపు ఎందుకైందో అడగాలి. ఉప్పు నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుందన్న మాట వాడి నోట వచ్చిందంటే ఆ పాఠం వాడిదైనట్టే.

యూరియా అన్నాను కాబట్టి ఒక మాట. మన ఇళ్లలో ఉండే 45 కిలోల బస్తా 750 మోల్‌లు. నేను ఈ లెక్క తరగతిలో చేయించినప్పుడు మోల్ అంటే భయం పోయిన ముఖాలు చూశాను. ఆ బస్తా ఎక్కడిది? రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నులు. యూరియాకు ముందు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హేబర్ పద్ధతి. పుస్తకంలో ఎనిమిది మార్కుల ప్రశ్నగా భయపెట్టే ఆ పద్ధతి గోదావరి ఒడ్డున రోజూ జరుగుతోంది.

ఇది అకర్బన రసాయనానికి దారి. ఇక్కడ పని చేసేది "ఎందుకు" అనే ప్రశ్న. డన్లాస్కీ సమీక్షలో దీనికి మధ్యస్థమైన స్థానమే దక్కింది, కానీ పి-బ్లాక్ విషయంలో నేను దీన్ని పైకి ఎక్కిస్తాను. హేబర్ పద్ధతికి సుమారు 700 కెల్విన్, 200 అట్మాస్ఫియర్ పీడనం, ఐరన్ ఉత్ప్రేరకం అని బట్టీ పట్టిన పిల్ల రెండో అంకె మరిచిపోతే మొత్తం పోతుంది. ఎందుకు అని అడుగుతూ పోతే అంకెలు వాటంతటవే కూర్చుంటాయి. చర్య వేడిని ఇస్తుంది, కాబట్టి చల్లగా ఉంటే అమ్మోనియా ఎక్కువ రావాలి. మరి వేడి చేయడమెందుకు? చల్లగా ఉంటే చర్య నత్తనడక నడుస్తుంది కాబట్టి. నాలుగు మోల్‌ల వాయువు రెండు మోల్‌లవుతోంది, అందుకే ఎక్కువ పీడనం. వేగం ఇంకా చాలదు, అందుకే ఉత్ప్రేరకం. నాలుగు ఎందుకులతో జవాబు పూర్తయింది.

జినాన్ సమ్మేళనాల ఆకృతులూ ఇంతే. చార్టు చూసి కంఠస్థం చేయనక్కర్లేదు, లెక్క పెట్టాలి. జినాన్‌కు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు. నాలుగు ఫ్లోరిన్లతో కలిస్తే నాలుగు ఖర్చు, మిగిలిన నాలుగు రెండు ఒంటరి జంటలు. మొత్తం ఆరు జంటలు, అష్టముఖి అమరిక, ఒంటరి జంటలు ఎదురెదురుగా, కనబడేది సమతల చతురస్రం. రెండు ఫ్లోరిన్లైతే ఐదు జంటలు, మూడు ఒంటరివి, ఆకృతి రేఖీయం. పద్ధతి ఒకసారి చేతికొస్తే ఆరు ఫ్లోరిన్లది విరూపిత అష్టముఖి ఎందుకైందో పిల్లలే చెబుతారు. క్లోరిన్ విషయం కూడా అంతే. చల్లని సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో హైపోక్లోరైట్, వేడి గాఢ ద్రావణంతో క్లోరేట్, తడి సున్నంతో బ్లీచింగ్ పౌడర్. ఈ మూడూ పక్కపక్కన, సమీకరణాలు తూచుకుంటూ, పుస్తకం చూడకుండా రాయాలి. వర్షాకాలంలో బావుల్లో పంచాయతీవాళ్లు చల్లే తెల్లపొడి అదే అని తెలిసిన పిల్లవాడికి మూడోది మరుపు రాదు.

కర్బన రసాయనంలో దారి వేరు. ఇక్కడ పిల్లలు ఓడిపోయేది పేర్ల దగ్గర. ఒకదానికొకటి పోలిన చర్యలు విడివిడిగా చదివితే పరీక్షలో కలిసిపోతాయి. క్లోరోఫామ్, క్షారం రెండు చోట్లా వస్తాయి. ఫినాల్‌తో కలిస్తే రీమర్-టీమన్ చర్య, వచ్చేది శాలిసిలాల్డిహైడ్. ప్రైమరీ అమీన్‌తో కలిస్తే కార్బైలమీన్ చర్య, ముక్కు పగిలే వాసన. అట్లాగే ఆల్డాల్, కానిజారో. ఆల్ఫా హైడ్రోజన్ ఉన్న ఎసిటాల్డిహైడ్ సజల క్షారంతో ఆల్డాల్ వైపు వెళ్తుంది, అది లేని ఫార్మాల్డిహైడ్, బెంజాల్డిహైడ్ గాఢ క్షారంతో కానిజారో వైపు. ఈ జంటలను ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి, తేడా ఒక్క వాక్యంలో రాయడం, ఆ తర్వాత పేర్లు దాచి గుర్తుపట్టడం, ఇదే ఇక్కడి అసలైన రివిజన్. నేను మరో పని కూడా చేయిస్తాను. ఖాళీ కాగితం మధ్యలో ఎథనాల్ అని రాసి, దాన్నుంచి ఎన్ని పదార్థాలకు దారి ఉందో, ప్రతి బాణం మీద కారకమేమిటో రాయమంటాను. మొదటిరోజు మూడు బాణాలు పడతాయి. పదిహేను రోజులకు కాగితం నిండుతుంది.

ఎథనాల్ దగ్గర ఏజెన్సీ పిల్లలు నాకు పాఠం చెబుతారు. ఇప్పపువ్వు ఎండబెట్టడం, నానబెట్టడం, పులియబెట్టడం, బట్టీ మీద ఆవిరిపట్టి చల్లార్చడం, ఇవన్నీ వాళ్ల ఇళ్లలో, వాళ్ల దేవతల కార్యాల్లో తరతరాలుగా ఉన్నవి. పుస్తకంలోని ఇన్వర్టేజ్, జైమేజ్ అనే ఎంజైములు ఆ కుండలోనే పనిచేస్తున్నాయని చెబితే, పులిసేటప్పుడు వచ్చే బుడగలు కార్బన్ డయాక్సైడ్ అని వాళ్లే అందుకుంటారు. జీవాణువుల పాఠంలోనూ ఇట్లాంటి గుమ్మాలున్నాయి. పత్తి అంటే సెల్యులోజ్. సికిల్ సెల్ అన్న మాట ఇక్కడి ఆదివాసీ కుటుంబాలకు బాగా తెలుసు, హీమోగ్లోబిన్‌లో ఒకచోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలీన్ రావడమే దాని మూలం. ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాల వరస ఎందుకంత ముఖ్యమో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. గతిశాస్త్రానికైతే మన చలికాలమే చాలు. పది డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని పుస్తకం చెబుతుంది. డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లో రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లారినా పొంగదు, ఏప్రిల్‌లో గిన్నె దాటి పోతుంది. గుర్తుతెచ్చుకోవడానికి ఇట్లాంటి కొక్కెం ఒకటి ఉంటే సూత్రం దానికి వేలాడుతుంది.

ఈ పద్ధతులన్నిటికీ అడ్డంగా ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న నిలబడి ఉంది, భాష. నా తరగతిలో ఇంట్లో గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లు చాలామంది. వాళ్లకు కెమిస్ట్రీ కన్నా ముందు వాక్యం అడ్డుపడుతుంది. అర్థం కాని వాక్యాన్ని దాటడానికి దొరికే ఏకైక మార్గం బట్టీ. తెలుగు అకాడమీ పుస్తకాల్లోని పరిభాష కూడా తేలికేమీ కాదు. శోషణం, అధిశోషణం అన్న రెండు మాటల తేడా తెలుగే మాతృభాష అయినవాడికీ ఒకసారి విప్పి చెప్పాలి. గుడ్డ నీళ్లు పీల్చుకోవడం మొదటిది, బొగ్గు ముక్క పైపొరకు రంగు అంటుకోవడం రెండోది. నేను చేసి చూసినంతలో బాగా పనిచేసిన మార్గం, మొదటి చుట్టు గుర్తుతెచ్చుకోవడం ఇంటి భాషలో. ఇద్దరు గోండు పిల్లలు ద్రవాభిసరణం గురించి గోండిలో ఒకరికొకరు చెప్పుకుంటే అర్థం ఎక్కడ ఆగిందో వాళ్లకే తెలుస్తుంది. రెండో చుట్టు పరీక్ష రాసే భాషలో, సాంకేతిక పదాలు సరిగ్గా పెడుతూ, కాగితం మీద. రెండో చుట్టు వదిలేయకూడదు, మూల్యాంకనం చేసేవాళ్లకు అందేది అదే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1943లో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు గోండిలోనే వాచకాలు తయారుచేయించాడు. అదే కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను ఉర్దూలో చెబుతోంది. సైన్సు ఇంటి భాషలో ఒదగదన్న మాటను ఈ నేల ఎప్పుడో దాటింది.

ప్రాక్టికల్స్ సంగతి బాధతో రాస్తున్నాను. 30 మార్కుల కోసం చివరి పదిరోజుల్లో ల్యాబు తాళం తీసే చోట్లు నేను చూశాను. గ్లాస్గోలో పనిచేసిన అలెక్స్ జాన్‌స్టోన్ కెమిస్ట్రీని మూడు మూలలున్న త్రిభుజంగా వివరించాడు. కంటికి కనబడేది ఒక మూల, కనబడని అణువుల లోకం ఒక మూల, సంకేతాలు, సమీకరణాలు ఇంకో మూల. మన పిల్లలు మూడో మూలలోనే పుట్టి పెరుగుతున్నారు. పరీక్షనాళికలో గోధుమరంగు వలయం ఏర్పడటం కళ్లారా చూసినవాడికి నైట్రేట్ పరీక్ష రివిజన్‌లో ఒక్క నిమిషం పని. చూడనివాడికి అది నాలుగు వరసల గద్యం. పర్మాంగనేట్ అంశమాపనం చేసిన చేతికి డి-బ్లాక్ పాఠంలోని ఆక్సీకరణ స్థితులు పరిచయస్థుల్లా ఎదురవుతాయి. ప్రయోగం చేసిన సాయంత్రమే ఆ పాఠం పుస్తకం మూసి రాస్తే ఒకే శ్రమకు రెండు ఫలితాలు.

పొడి అక్షరాలతో కట్టే గుర్తులు, పాటలు మూలకాల వరసలకు పనికొస్తాయి, కారణాలకు పనికిరావు. టీ-శాట్‌లో, ఫోన్లలో వచ్చే పాఠాలు అర్థంకాని చోట మేలు చేస్తాయి. చూస్తూ కూర్చోవడం మాత్రం రివిజన్ కాదు, మధ్యలో ఆపి రాస్తేనే అవుతుంది. సిలబస్ విషయంలో ఒక జాగ్రత్త. ఎన్సీఈఆర్టీ తన పుస్తకంలోంచి ఘనస్థితి, ఉపరితల రసాయనం, పాలిమర్ల వంటి పాఠాలు తీసేసింది. బోర్డుకు, నీట్‌కు, ఎప్‌సెట్‌కు ఉండే పాఠాలు అన్నిటికన్నీ కలవవు. ఈ ఏటి సిలబస్ కాగితం మూడింటిదీ పక్కపక్కన పెట్టుకొని గుర్తుపెట్టుకోవాలి. ఎప్‌సెట్‌లో కెమిస్ట్రీ నలభై ప్రశ్నలు, జవాబు గుర్తుపడితే చాలు. బోర్డు పరీక్షలో జవాబు పుట్టించాలి. రాసి సాధన చేసినవాడు గుర్తుపట్టగలడు, గుర్తుపట్టడమే సాధన చేసినవాడు మార్చిలో రాయలేక ఆగిపోతాడు.

చివరి పదిరోజుల్లో పాత ప్రశ్నపత్రాలు. వీటిని చదవడం కాదు, పొద్దున తొమ్మిదికి కూర్చొని పన్నెండుకు లేవడం. కనీసం మూడుసార్లు. 60 మార్కులకు 180 నిమిషాలు, మార్కుకు మూడు నిమిషాలు. సెక్షన్ ఏ పది ప్రశ్నలకు లెక్కప్రకారం గంట, సాధన ఉంటే నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఆ మిగిలిన ఇరవై నిమిషాలు ఎనిమిది మార్కుల ప్రశ్నకు వెళ్తాయి. రాసిన పత్రాన్ని పక్కవాడితో దిద్దించుకోవాలి. మన తప్పు మన కంటికి ఒప్పులాగే కనబడుతుంది, పక్కవాడు మాత్రం తూచని సమీకరణాన్ని వెంటనే పట్టుకుంటాడు.

ముందురోజు రాత్రి మేలుకొని చదివే అలవాటును ఆపించడానికి నేను పిల్లల తల్లిదండ్రులతో కూడా మాట్లాడాను. నిద్రలోనే చదివింది గట్టిపడుతుంది. గాదిగూడ, నార్నూర్ వైపు నుంచి సెంటరుకు రావాల్సిన పిల్లవాడు బస్సు కోసం ఎట్లాగూ చీకటితోనే లేస్తాడు. వాడు పదింటికి పడుకోవాలి. చేతిలో ఒక్క కాగితమే ఉండాలి, తాను రాసుకున్న రెండో రంగు కాగితం. హాల్లో ప్రశ్నపత్రం అందగానే తొందరగా జారిపోయే అంకెలు, ఫారడే విలువ 96,500, వాయు స్థిరాంకం 8.314, ప్రశ్నపత్రం మీద కాకుండా జవాబు పుస్తకం చివరి పేజీలో రాసుకొని, రఫ్ వర్క్ అని పైన పెట్టుకోవచ్చు. సెక్షన్ బీలో ఎనిమిదీ చదివి ఆరింటికి టిక్కు పెట్టాకే కలం కదపాలి. లెక్క తేలినా ప్రమాణం రాయకపోతే మార్కు తెగుతుంది. చివరి పదిహేను నిమిషాలు కొత్తది రాయడానికి కాదు, బాణాలు, తూకాలు, పటాల కింద పేర్లు చూసుకోవడానికి.